రాళ్ళకు రెండు పేర్లు

భద్రాచలం దారిలోని కిరాణా కొట్టుకు ఒక తల్లి ఎనిమిది నెలల బాబును ఎత్తుకుని వచ్చింది. కొట్టు నడిపే పెద్దావిడ ఎప్పటిలాగే త్రాసు తట్ట తుడిచింది.

"పండబెట్టు బిడ్డా, తూస్త."

"వద్దత్తా. అంగన్‌వాడీల తూచిండ్రు. ఆరు కిలోలే అన్నరు. మొన్న చర్చిల ప్రార్థన అయినంక వస్తే, నువ్వు తూచి ఏడు కిలోలన్నవ్."

"వాళ్ళ కాంటా ఖరాబై ఉంటది."

"రెండుసార్లు తూచిండ్రు. కొట్టుల ఏ రాళ్ళతోని తూస్తున్నరని టీచరమ్మ అడిగింది. ఈ ఇనుప గుండ్లను రాళ్ళని ఎందుకంటరత్తా?"

"మొదట నిజంగ రాళ్ళే. మా మామ కిన్నెరసానిల నున్నటివి ఏరుకొచ్చి, సేరుకు సరిజూసి పెట్టుకున్నడు. ఇనుపవి వచ్చినా ఆ పేర్లు పోలే."

"పేర్లా? ఎన్ని?"

"రెండు. అడవికెళ్ళి చింతపండు తెచ్చేటోళ్ళ దగ్గర పెట్టేది కొనే రాయి. ఉప్పూ పప్పూ తూచి ఇచ్చేది అమ్మే రాయి."

"అమ్మే రాయి తేలికా?"

"...అవ్."

"మా బాబును దేంతోని తూచినవ్?"

"చేతికందిన అమ్మే రాయే పెట్టిన. ఎక్కువొస్తే నీ మొఖం ఎలుగుతుండె. నిజం చెప్పబుద్ధి కాలే."

"పాలు చాలుతలేవని భయపడుకుంట నీ దగ్గరికొస్తుంటి. పెరుగుతుండంటివని రెండు నెలలు దవాఖానకు పోలే అత్తా."

"తప్పు నాదే బిడ్డా. కొట్టు మూస్త, ఆటోల నేనూ వస్త. డాక్టరుకు నేనే చెప్త."

"రా."

"అలిసిపోయినవ్, బాబును ఇటియ్యి. ఎత్తుకుంట."

"వద్దత్తా. నేనే ఎత్తుకుంట."