నలుపు నీలం కుచ్చు

"ఒరే తమ్ముడూ, మీ బావ కోసం మూడు రోజులుగా తప్పు చోట వెతుకుతున్నార్రా, ఇదిగో, ఈ గ్లాసు అడుగున మట్టి లేదు."

చేపల కోసం కృత్రిమ ఎరలు కట్టే గది. గోడకి రంగురంగుల సిలికాన్ పోగుల కుచ్చులు, బల్ల మీద కత్తెర, సీసపు గుళ్ళు, ఒక గాజు గ్లాసు. పొద్దున్న తొమ్మిది.

"ఏ గ్లాసు?"

"ఎన్నున్నాయి ఇక్కడ? ఆయన రంగులు చూసుకునే గ్లాసు."

"అక్కా, నీకు కంటి మీద కునుకు లేక మూడు రోజులైంది. కాసేపు నడుం వాల్చు. పడవలవాళ్ళు వెతుకుతున్నారుగా."

"మధ్యాహ్నంతో ఆపేస్తారట. ఆ మాట నీతో చెప్పారు. నువ్వు నాతో చెప్పలేదు. వరండాలో మీరు గుసగుసలాడుతుంటే విన్నాను."

"కంగారుపడతావని..."

"ఇప్పుడేదో హాయిగా ఉన్నట్టు. ఇటు చూడు. రేపు ఎక్కడ గాలం వెయ్యాలో అక్కడి నీళ్ళు ముందురోజే సీసాలో పట్టుకొస్తాడు. ఈ గ్లాసులో పోస్తాడు. ఒక్కో రంగు పోగూ ముంచి, కిటికీ వెలుగులో పెట్టి చూస్తాడు. నీళ్ళలో ఏది బాగా ఆడితే ఆ రంగు కుచ్చు కడతాడు. నన్ను ఏనాడూ అంతసేపు చూసిన పాపాన పోలేదు."

"నాకెందుకు చెప్తావు? పదకొండేళ్ళుగా ఆయన పక్కనే కూర్చుని కత్తిరిస్తున్నా."

"అందుకే నిన్ను అడుగుతున్నా. కాలవ వచ్చి చెరువులో కలిసే వైపు నీళ్ళు ఎలా ఉంటాయి?"

"బురద."

"ఆ నీళ్ళు గ్లాసులో పోసి నాలుగు రోజులు కదపకపోతే?"

"పైన తేరుకుంటాయి. అయితే?"

"అడుగున వేలెడు మట్టి దిగాలి. ఏదీ? నేను కడగలేదు. ఈ గది తలుపు ఇవాళే తీశాను. ఇవి రాళ్ళ వైపు నీళ్ళు. మీ బావ వెళ్ళింది రాళ్ళ వైపు."

"మరి పడవ కాలవ వైపు దొరికిందిగా. గాలానికి నలుపు నీలం కుచ్చున్న ఎర కట్టి ఉందిగా. బురద నీళ్ళకి నలుపు నీలం, తేట నీళ్ళకి పొగరంగు. ఎరలు కట్టేవాడెవడినైనా అడుగు. అందుకే కాలవ దగ్గరే వెతకమని చెప్పాను."

"నువ్వే చెప్పావు."

"ఎవరో ఒకరు చెప్పాలిగా. నువ్వా, మాట్లాడే స్థితిలో లేవు."

"నేనేం అనలేదు, నువ్వు భుజాలు తడుముకోకు. ఆ డబ్బా ఇలా ఇయ్యి."

"ఏ డబ్బా?"

"నీ మోకాలి దగ్గరున్నదే. కత్తిరింపులు వేసేది."

"చెత్తలో ఏముంటుందక్కా?"

"ఆదివారం పొద్దున నేనే ఖాళీ చేశాను. ఆదివారం సాయంత్రం ఆయన కూర్చుని కట్టాడు, సోమవారం తెల్లారకముందే వెళ్ళాడు. కాబట్టి ఇందులో ఉన్నవి ఆ ఒక్క ఎర తాలూకు ముక్కలు. రంగు చెప్పు."

"పొగరంగు."

"ఇంకా?"

"దాని మీద పచ్చ చుక్కలు. నారింజ ఒకటో రెండో."

"నలుపు?"

"లేదు."

"నీలం?"

"లేదక్కా. కట్టి ఉంచిన పాతది పట్టుకెళ్ళాడేమో."

"పాతది పట్టుకెళ్ళేవాడు గ్లాసు ముందేసుకుని కూర్చోవడం దేనికి? ఉండు. పడవలో దొరికిన ఎర సంచిలో వేసి ఇచ్చారు. ఇదిగో. చివర్లు చూడు."

"ఏముంది చూడ్డానికి."

"ఎంత బుద్ధిగా ఉందో చూడు. ఒక్క పోగు కూడా పొట్టీ పొడుగూ లేదు. బళ్ళో చేర్చే రోజు పిల్లాడి తలలా ఉంది. మీ బావ కుచ్చు ఎలా కత్తిరిస్తాడు?"

"అక్కా, ఇప్పుడు ఇవన్నీ..."

"నీళ్ళు నమలకు. ఎలా కత్తిరిస్తాడు?"

"పోగులన్నీ సాగదీసి పట్టుకుని ఒక్క వేటు వేస్తాడు. వదిలితే దేని పొడుగు దానిదే."

"చేప దాని క్రాపు చూసి మెచ్చుకుంటుందా అని నిన్ను రోజూ ఏడిపించేవాడు. ఈ ఇంట్లో సమంగా కత్తిరించేది ఎవరు?"

"నేనే. అమ్మే సరుకంతా నేనే కత్తిరిస్తా. అందులోంచి ఒకటి తీసుకుని ఉంటాడు."

"నీ సరుకు ఆయన గాలానికా? పదకొండేళ్ళలో ఒక్కసారైనా కట్టాడా? పోనీ, లైఫ్ జాకెట్ సంగతి చెప్పు. ఆయనకి ఈత రాదు. నీళ్ళ మీద బతుకుతాడే గానీ నీళ్ళంటే హడలు. పడవలో ఉన్నంతసేపూ ఆ జాకెట్ ఒంటి మీదే. కాలు నేల మీద పడ్డాకే విప్పుతాడు. అది పడవలో మడతపెట్టి దొరికింది. అంటే ఎక్కడో దిగాడు. రాళ్ళ వైపు దిగే చోటేముంది?"

"ఏం లేదు."

"ఏం లేదా?"

"బండ ఉంది. నీళ్ళ నడిమధ్యలో. కానీ అక్కడ నేను చూశాను. రాళ్ళ వైపు నేను చూసుకుంటానని వాళ్ళ దగ్గర ఓ పడవ అడిగి తీసుకుని, మొన్న ఒకసారి, నిన్న ఒకసారి తిరిగొచ్చాను. ఎవరూ లేరు."

"ఒక్కడివే వెళ్ళావా?"

"వాళ్ళకి మనుషులు చాలడం లేదుగా."

"నువ్వు లేరన్నావు కాబట్టి ఇంకెవరూ అటు పోలేదు."

"ఏంటక్కా నీ ఉద్దేశం?"

"నా ఉద్దేశం ఏమీ లేదు. ఆ పోగులు కింద పెట్టు, ఇందాకటి నుంచి ముడి మీద ముడి వేస్తున్నావు. ఫోన్ ఇలా ఇయ్యి. పడవలాయనకి చెప్తాను, బండ దగ్గరికి వెళ్ళమని."

"వద్దు."

"ఏం?"

"వద్దక్కా. నేనే వెళ్ళొస్తాను. ఇప్పుడే వెళ్తాను."

"మూడోసారా? ఫోన్ ఇయ్యరా. అమ్మ పోయిన్నాటి నుంచి నీకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఇది. దీన్ని ఇంకెంతసేపు చాపి ఉంచమంటావు?"

"తీసుకో."

"హలో. నేనండీ, ఆయన భార్యని. కాలవ దగ్గర ఆపెయ్యండి. రాళ్ళ వైపు బండ. అవునండీ, ఆ బండే. తమ్ముడు చెప్పింది పొరపాటు. ముందు పొండి, తర్వాత అడుగుదురు గాని. మంచినీళ్ళు, దుప్పటీ పట్టుకెళ్ళండి... సరే. అరగంట పడుతుందిట. ఇప్పుడు చెప్పు."

"ఆ పొగరంగు కుచ్చు నాదని చెప్పానక్కా."

"ఎవరికి?"

"ఎరల కంపెనీ వాళ్ళకి. పచ్చ చుక్కలూ నారింజా కలిపే ఆ కలయిక నేనే కనిపెట్టానని చెప్పాను. అట్ట మీద నా పేరు వేస్తామన్నారు. సోమవారం మధ్యాహ్నం సంతకాలు. ఆదివారం సాయంత్రం బావకి తెలిసిపోయింది."

"అందుకేనా ఆ రాత్రి కంచం ముందు నుంచి లేచిపోయాడు."

"పొద్దున్నే రేవులో కలిశాను. నేనూ పడవెక్కాను. బండ మీద దిగి మాట్లాడుకున్నాం. ఒక్కదానికి, ఒక్క రంగుకి నా పేరు ఉండనీ బావా అని బతిమాలాను. నవ్వాడు. నీకు కత్తెర తెలుసురా, రంగేం తెలుసు అన్నాడు. మధ్యాహ్నం నేనూ వస్తా పద, వాళ్ళ ముందే గ్లాసు పెట్టి అడుగుతా, ఏ నీళ్ళకి ఏ పోగో చెబుదువు గాని అన్నాడు."

"అంటే?"

"జాకెట్ పడవలోనే ఉంది. ఆయన అటు తిరిగి గాలం చిక్కు విప్పుకుంటున్నాడు. నేను పడవెక్కి తాడు విప్పేశాను."

"ఈత రాని మనిషిని."

"సంతకం అయ్యేదాకానే అనుకున్నా. ఒక్క పూట. సాయంత్రం వెళ్ళి కాళ్ళు పట్టుకుందామనుకున్నా. కానీ పడవతో ఎవరైనా చూస్తే ఎలా అని దాన్ని కాలవ వైపు తీసుకెళ్ళి వదిలేశా. అటే వేటకి వచ్చాడనుకోవాలని, పడవలో ఉన్న ఇంకో గాలానికి నా జేబులో ఉన్న ఎర కట్టా. మధ్యాహ్నానికే పడవ దొరికిపోయింది. ఊరంతా గట్టు మీదే ఉంది. అప్పుడిక ఏమని చెప్పను?"

"సంతకం చేశావా?"

"చేశాను."

"సరే. ఇప్పుడు ఒక్కటి చెప్పు. మొన్న వెళ్ళావు, నిన్న వెళ్ళావు. ఎవరూ లేరన్నావు. నా కళ్ళలోకి చూసి చెప్పు. ఉన్నాడా, లేడా?"

"ఉన్నాడక్కా. మొన్న నా పడవ చూసి లేచి నిలబడ్డాడు. చొక్కా విప్పి ఊపాడు. తిట్టలేదు. వచ్చావురా, నువ్వే వస్తావని తెలుసు అన్నాడు. గట్టుకి వస్తే అందరికీ చెప్పేస్తాడని ఒక్కటే అనిపించింది, పడవ వెనక్కి తిప్పేశాను. నిన్న మళ్ళీ వెళ్ళాను. కూర్చునే ఉన్నాడు. నేను వెనక్కి తిరిగేదాకా నా వైపే చూశాడు. చెయ్యి మాత్రం ఎత్తలేదు."