చెప్పులు విప్పమన్న కాలేజీ

నా కాళ్ళకేసి అలా చూడకండి బావగారూ. అవును, బూట్లే. అమ్మాయికి కొన్నవి. ఎలా ఉన్నాయోనని వేసుకు చూస్తుంటే మీరొచ్చారు.

ఎందుకా? చెబుతాను. ఇవాళ చెబుతాను.

మీ తమ్ముడా? మీ బండి చప్పుడు వినగానే సబ్బు అయిపోయిందని బజారుకెళ్ళారు. ఆయన సంగతి మీకు తెలియనిదా!

మొన్న మమ్మల్ని ఆ అద్దాల కాలేజీకి తీసుకెళ్ళారు కదా. మిషన్ల మీద ఇనుప భాగాలు చేసే చదువు, వెంట్రుకవాసి తేడా రాకూడని పని, దానికి ఇంతకంటే గొప్ప చోటు లేదన్నారు. మరి వర్క్‌షాపు గుమ్మంలో ఏమన్నారు వాళ్ళు? చెప్పులు విప్పమన్నారు! మీరూ బూట్లు విప్పారు. మేజోడు చిరుగులోంచి మీ బొటనవేలు తొంగిచూసింది. నవ్వొస్తే దగ్గినట్టు చేశాను.

నేల అద్దంలా ఉందని మురిసిపోయారు మీరు. ఏమండీ, ఇనుము కోసే చోట ఒక్క ముక్కైనా కాలికి గుచ్చుకోలేదేం? మిషన్లకి ముసుగులు తియ్యలేదేం? అమ్మాయి అడిగితే ఆ గుమస్తా, "ఆఖరి ఏడాది ముట్టుకుందువుగానిలే" అన్నాడు. మీరేమో ఆడపిల్లకి అన్ని ప్రశ్నలెందుకని దాన్నే గదిమారు.

అప్పుడు మండింది నాకు. దారంతా మండుతూనే ఉంది.

మర్నాడు నేనూ అమ్మాయీ రైలు పట్టాల పక్కనున్న కాలేజీకి వెళ్ళాం. మీరు కొట్టం అన్నారే, అదే. నా చెప్పులు చూసి మాస్టారొకాయన గుమ్మంలోనే అరిచాడు. "ఏమ్మా, కాళ్ళ మీద ఆశ లేదా?" ఆయనే బూట్లు తెచ్చి నా ముందు పడేశాడు.

లోపల నూనె కంపు, చెవులు చిల్లులు పడే మోత. ఒక పిల్ల ఆకురాయితో ఇనుపముక్క అరగదీసి తెచ్చింది. ఆయన దానికి మూల తిన్నగా ఉందో లేదో చూసే మూలమట్టం ఆనించి, వెలుతురుకి ఎత్తి చూసి, "సందులోంచి వెలుగొస్తోంది, మళ్ళీ రుద్దు" అన్నాడు. ఆ పిల్ల గొణుక్కుంటూనే వెళ్ళి రుద్దింది. మన అమ్మాయి కళ్ళార్పకుండా చూసింది.

ఇవాళ పొద్దున అక్కడే చేర్పించేశాను.

అరవకండి. ముందే చెబుదామని మీ గుమ్మం దాకా వచ్చి తిరిగొచ్చాను. ఇన్నేళ్ళూ మీ ముందు "సరేనండీ" తప్ప ఏమన్నాను? పెద్దవారని ఊరుకున్నాను. ఐదో తరగతి దాటని దానికి ఏం తెలుసంటారని ఊరుకున్నాను.

ఏమిటీ? ఆ అద్దాల కాలేజీలో చేర్పిస్తానని మీ స్నేహితుడికి మాటిచ్చారా? అయితే మీరే చేరండి అక్కడ! కాళ్ళు శుభ్రంగా ఉంటాయి.

భయమా? ఎందుకు లేదూ! భయపడుతూనే చేర్పించాను. ఈ బూట్లలో నిలబడ్డాను గనక అది మీకు కనబడట్లేదు.

విప్పమంటారా? విప్పను. కూర్చోండి, టీ పెట్టుకొస్తాను. నడిస్తే కాస్త చప్పుడవుతుంది, ఓర్చుకోండి.