ఆగస్టులో మఫ్లరు

బయట ఆగస్టు ఎండకి హాలీవుడ్ ఉడికిపోతోంది. స్టూడియో లోపల సెట్టు మీద మాత్రం క్రిస్మస్ మంచు కురుస్తోంది. ఈ సినిమాలో హీరోగా వేస్తున్న గాయకుడికి పదకొండు సినిమాలుగా బట్టలు తొడుగుతున్న వెర్నా, అతని కోటు కాలరు సర్దుతూ మెడకేసే చూస్తోంది.

"రికార్డు మీద మీ పాట మోగుతోంది, పెదాలూ కదులుతున్నాయి. గొంతు కదలదేం బాబూ?"

"నెల కిందట పాడేసిన పాటే కదా. మళ్ళీ పాడ్డమెందుకు?"

"ఒట్టి పెదాలాడించేవాళ్ళని ఇన్నాళ్ళూ ఎగతాళి చేసింది మీరే. సెట్టు మీద కూడా గొంతెత్తి పాడేవారు. నాలుగు టేకులు పోయాయి. ఎక్కడ తేడా కొడుతోందో డైరెక్టరుకి అంతుపట్టట్లేదు. నాకు తెలుస్తోంది."

"మెల్లిగా మాట్లాడు."

"ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు. పై స్వరం అందుకోబోతే గాలే వస్తోంది. ఎవరికీ చెప్పకు, నీకు పుణ్యముంటుంది."

"చెప్పడానికి నాకేం పని? తలెత్తండి."

ఎర్ర ఉన్ని మఫ్లరు తీసి, అతని మెడకి గడ్డం దాకా రెండు చుట్లు చుట్టింది.

"మంచులో నిలబడ్డవాడికి ఇది లేకపోవడమే తప్పు. ఇక వెళ్ళండి."

అయిదో టేకు ఓకే అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అతను చెమటలు కక్కుతూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"విప్పేయనా?"

"ఉండనీ. గురువారం రేడియోలో పాడాలి వెర్నా. అక్కడ రికార్డుండదు, నేనే పాడాలి. అక్కడేం చుడతావు?"