పై వాటా వాళ్ల తీగ

(పై వాటా గుమ్మం. నర్సు తలుపు సగమే తీసి, మిగతా సగానికి తనే అడ్డంగా నిలబడింది. ఇవతల కింది వాటా పెద్దాయన. ఒక చేతిలో తడి మేజోడు, ఇంకో చేతిలో క్లిప్పుల డబ్బా. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరైన మనిషి, తప్పు కంటబడితే చెయ్యి ఊరుకోదు.)

“…అది కాదమ్మాయ్, మేజోడు పడటం తప్పని నేననడం లేదు. గాలికి పడుతుంది. కానీ ఎప్పుడూ ఒక్కటే పడుతుందేం? దీని జత ఏదీ?”

“పైనే ఎక్కడో ఉంటుంది బాబాయిగారూ. ఇలా ఇవ్వండి, థాంక్స్.”

“ఇస్తాను, ఉండు. ముందు నేను చెప్పేది విను. మేజోళ్లు జత కలిపి, వేళ్ల వైపు క్లిప్పు పెట్టి ఆరేయాలి. పై అంచుకి పెడితే సాగిపోయి, కాలికి వేసుకున్నాక జారిపోతాయి.”

“అలాగే పెడతాను.”

“పెడతాను, పెడతాను అని నెల రోజుల్నించి అంటున్నావు. ఇదివరకు మరీ ఇంత అన్యాయంగా ఉండేది కాదు నీ తీగ. ఏదో వచ్చీరానట్టు ఆరేసినా ఒక వరుస ఉండేది. ఇప్పుడేమొచ్చిందో ఏమో, నీ యూనిఫాం చూడు. ఒక చెయ్యి తీగ మీదికి, ఒక చెయ్యి కిందికి. దారినపోయేవాళ్లని రమ్మని పిలుస్తున్నట్టుంటుంది. తువ్వాలు ముద్దలాగే పడుంటుంది. ఇక దుప్పటి సంగతి చెప్పనే అక్కర్లేదు. పిండకుండా పడేస్తే ఆ నీళ్లన్నీ ధారకట్టి వచ్చి నా ఆరిన బట్టల మీదే పడుతున్నాయి.”

“నిన్న కూడా తడిశాయా?”

“నిన్నా తడిశాయి, మొన్నా తడిశాయి. నేను వాకింగ్‌కి బయల్దేరేటప్పుడు చూస్తే నీ తీగ ఖాళీ. తిరిగొచ్చేసరికి దొంగలు పడి బీరువా తిరగదోడినట్టుంటుంది. మనుషులు ఆరేసినట్టే ఉండదు.”

“కొంచెం మెల్లగా మాట్లాడండి బాబాయిగారూ.”

“ఏం, లోపల ఎవరన్నా పడుకున్నారా?”

“పడుకోలేదు. అంటే… చుట్టాలావిడ ఒకరు ఉన్నారు.”

“ఆహా, అదా సంగతి. ఒక్కదానివే ఉంటావు కదా, రెండు దుప్పట్లేంటి, రెండు దిండు గలీబులేంటి అని నేను అనుకుంటూనే ఉన్నా.”

“మా దుప్పట్లు లెక్కపెడుతున్నారా?”

“కళ్లెదురుగా వేలాడుతుంటే లెక్కపెట్టక కళ్లు మూసుకోనా? సరేగానీ, లోపలికి రమ్మనవేంటి? క్లిప్పులు నావే తెచ్చాను. ఒక్కసారి చేసి చూపిస్తే పట్టుబడిపోతుంది.”

“ఇల్లంతా చిందరవందరగా ఉంది. ఈరోజు నాకు డ్యూటీ ఆఫ్ కదా, ఇంకా సర్దలేదు.”

“చిందరవందరగా ఉంటుందని నీ తీగే చెప్తోంది.”

“పిన్ని ఎలా ఉన్నారు?”

“ఎవరు, మా ఆవిడా? బాగానే ఉంది. మోకాలు నొప్పి. మెట్లెక్కలేదు, దిగలేదు. అంతే.”

“పోయినవారం నడుం అన్నారు.”

“నడుమే. నడుంలోంచి మోకాల్లోకి దిగింది. నర్సువి కదా, తెలియదా నీకు?”

“తెలుసు కాబట్టే వచ్చి చూస్తానన్నాను. మీరే రానివ్వలేదు.”

“పడుకుని ఉంది అప్పుడు.”

“ఎప్పుడడిగినా పడుకునే ఉంటారు.”

“నొప్పున్నవాళ్లు పడుకోక గంతులేస్తారా? అయినా బట్టలు కనిపించడం లేదూ? మనిషి ఇంట్లో ఉంటేనే కదా తీగ మీద బట్టలుండేది.”

“ఎందుకు కనిపించవు? దినం తప్పకుండా చూస్తున్నాం.”

“చూస్తున్నామా? ఎవరెవరు?”

“నేనూ, మా చుట్టాలావిడా. ఆవిడకి పాపం ఏమీ తోచదు. మీకు కనపడకుండా బాల్కనీలో దుప్పటి వెనక కుర్చీ వేసుకుని కిందికి చూస్తుంటారు. మీ తీగ ఆవిడకి మంచి కాలక్షేపం.”

“చూడనీ. చూసి నాలుగు ముక్కలు నేర్చుకోమను. అంచుకి అంచు, రంగుకి రంగు. తెల్లవి ఎండలో, రంగువి నీడలో, చొక్కా ఎప్పుడూ తిరగేసి. ఎక్కడన్నా తప్పు పట్టమను చూద్దాం.”

“పట్టారు.”

“ఏమని?”

“ఊదారంగు శాలువా అన్నిసార్లు ఎందుకు ఉతుకుతున్నారని.”

“…మాస్తుంది కాబట్టి.”

“మంచం దిగని మనిషి శాలువా అంతలా ఎలా మాస్తుంది బాబాయిగారూ?”

“కాఫీ ఒలికింది.”

“ఇంత ఉక్కలో శాలువా కప్పుకున్నారా?”

“ఆవిడకి చలి. నొప్పులున్నవాళ్లకి చలేస్తుంది.”

“పసుపుపచ్చ స్వెటర్?”

“అదీ చలికే.”

“పూసలు కుట్టిన పొడుగు గౌను? అదీ మోకాలి నొప్పికేనా?”

“ఇంట్లో ఊరికే వేసుకుంది. ఏదో సరదా.”

“నొప్పితో సరదా.”

“నువ్వు నర్సువా, పోలీసువా?”

“కోప్పడకండి. ఆ శాలువా, ఆ స్వెటర్, ఆ గౌను. ఇన్నాళ్లుగా అవే తిప్పి తిప్పి ఆరేస్తున్నారు. పిన్ని ఎప్పుడూ వేసుకునే నీలం నైటీ ఏది? భుజం దగ్గర అతుకుంటుంది చూడండి, అది.”

“చిరిగిపోయింది.”

“పూల నైటీ?”

“అదీ చిరిగిపోయింది.”

“అన్నీ కూడబలుక్కుని చిరిగాయా?”

“బట్టలన్నాక చిరగవా?”

“చిరుగుతాయి. వేసుకునేవన్నీ చిరిగిపోయి, వేసుకోనివి మాత్రమే మిగిలాయే, అదే నాకు అర్థం కాలేదు.”

“వేసుకోనివని నీకెవరు చెప్పారు?”

“శాలువా ఎవరు కొన్నారు బాబాయిగారూ?”

“నేను.”

“స్వెటర్?”

“నేనే.”

“గౌను?”

“అదీ నేనే. షాపులో ఉన్నవన్నీ తీయించి మరీ ఏరాను. ఆవిడకి రంగులు ఎంచడం రాదు. ఏం, బాగాలేదా?”

“బాగుంది. ఒంటి మీద ఎప్పుడన్నా చూశారా?”

“ఎందుకు చూడలేదు?”

“ఎప్పుడు?”

“కొన్న రోజు. అద్దం ముందు.”

“ఆ తర్వాత?”

“ఇందాక అడిగావుగా, ఇదిగో నీ మేజోడు.”

“బాబాయిగారూ, ఆ మెట్టు మీద కాసేపు కూర్చోండి.”

“కూర్చోను. బాగానే ఉన్నాను.”

“పిన్ని వెళ్లేటప్పుడు తను వేసుకునేవి పట్టుకుపోయారు. మీరు కొన్నవి వదిలేసి పోయారు. మీరు సరిగ్గా వాటినే ఏరి, తడిపి, ఊరంతా చూసేలా ఆరేస్తున్నారు. ఆవిడ ఇంట్లో లేరని అంతకన్నా బాగా ఎవరూ చాటింపు వేయలేరు.”

“…అందరికీ తెలుసా?”

“తెలుసు.”

“పక్క వాటా టైలరుకి కూడా?”

“ముందు ఆయనకే తెలిసింది.”

“ఇస్త్రీ షాపతనికి?”

“ఇంత ఉక్కలో శాలువా ఇస్త్రీకి ఇచ్చారట కదా. అక్కడ దొరికిపోయారు.”

“ఒక్కరూ ఒక్కమాట అనలేదేం మరి?”

“ఏమంటారు? ఎదురుపడితే మోకాలు ఎలా ఉందని అడుగుతున్నారు కదా, మీకోసం.”

“అవును, అడుగుతున్నారు. టైలరు ఏదో తైలం కూడా ఇచ్చాడు. పరువు నిలబడిందనుకున్నాను.”

“గొడవపడ్డారా ఇద్దరూ?”

“గొడవేం లేదు. ఆరోజు బట్టలు ఆరేసింది. నేను… కాస్త సరిచేశాను.”

“కాస్తంటే?”

“అన్నీ తీసి మళ్లీ ఆరేశాను. కొత్తేం కాదు, పెళ్లయినప్పట్నించీ ఉన్నదే. ఆవిడ ఆరేస్తుంది, నేను దిద్దుతాను. ఎన్నడూ ఒక్కమాట అనలేదు. ఆరోజూ అనలేదు. క్లిప్పుల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది, సంచి తీసుకుంది, చెప్పులేసుకుంది. బజారుకనుకున్నాను.”

“వెనకాలే వెళ్లొచ్చు కదా.”

“ఒక చొక్కా ఇంకా తిరగేయాల్సి ఉంది. అలా చూడకు. అది తిరగేసి మెట్ల దగ్గరికి వచ్చేసరికి మనిషి లేదు. సాయంత్రం బీరువా తీస్తే గానీ బజారుకి కాదని తెలియలేదు.”

“ఎక్కడున్నారో కనుక్కున్నారా?”

“వాళ్ల అక్కకి ఫోన్ చేశాను. నేనేమీ తెలియనట్టు మాట్లాడాను, ఆవిడా ఏమీ తెలియనట్టే మాట్లాడింది. ఇద్దరం వానల గురించి చెప్పుకుని పెట్టేశాం. మా ఆవిడేమో నా ఫోన్ ఎత్తదు.”

“మెసేజ్ పెట్టలేదా?”

“పెట్టాను.”

“ఏమని?”

“క్లిప్పులు ఎక్కడ కొంటావు, రెండు విరిగాయి, అని.”

“బాబాయిగారూ.”

“ఏం చెయ్యమంటావమ్మా? మాట కలపాలని పెట్టాను. అంతకుమించి ఏం రాయాలో తోచలేదు. ఒకళ్లు రాసింది దిద్దడమే గానీ సొంతంగా ఒక్క వాక్యం రాసిన మనిషిని కాను నేను.”

“ఇప్పుడు ఎదురుగా ఉంటే ఏం చెప్తారు?”

“ఎదురుగా ఉంటే కదా.”

“ఉన్నారనుకోండి.”

“… నా వల్ల కావడం లేదని చెప్తాను.”

“కాస్త గట్టిగా చెప్పండి. వినపడలేదు.”

“ఇందాక మెల్లగా మాట్లాడమన్నావు.”

“ఇందాక బట్టల గురించి మాట్లాడారు. ఇప్పుడు గట్టిగా చెప్పండి.”

“నా వల్ల కావడం లేదు. ఆ తీగ మీద అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మాయ్. వెళ్లి నిలబడితే దిద్దడానికి ఏమీ ఉండదు. ఏడుపొస్తోంది. ఒకరోజు కావాలనే ఒక చొక్కా వంకరగా ఆరేసి చూశాను, ఆవిడ ఆరేసినట్టు ఉంటుందేమోనని. నా చేతికి వంకర రాలేదు. ఆవిడ చెయ్యి ఆవిడదే.”

“వస్తే మళ్లీ దిద్దుతారు.”

“ముట్టుకోను. ఎలా ఆరేసినా సరే. తెల్లది, రంగుది కలిపేసినా సరే. తువ్వాలు ముద్దలా పడేసినా సరే. దుప్పటి పిండకుండా ఆరేసి నా నెత్తిన నీళ్లు కారినా, గొడుగేసుకుని కింద కూర్చుంటాను తప్ప నోరెత్తను.”

“ఒట్టు?”

“ఒట్టు. ఇదిగో, ఈ డబ్బా మీద ఒట్టు.”

“మరి ఇందాక నీళ్లు కారాయని నా మీదికి పోట్లాటకి వచ్చారు.”

“అది వేరు. అది నువ్వు ఆరేసింది.”

“నేనా? నేను తెల్లారేసరికి ఆస్పత్రిలో ఉంటాను. చీకటిపడ్డాక వస్తాను. మీరు వాకింగ్‌కి వెళ్లొచ్చేలోపు మా తీగ మీద బట్టలు ఎవరు ఆరేస్తున్నారనుకున్నారు?”

“చుట్టాలావిడ ఉందన్నావుగా. అదే చెప్తున్నా, ఆవిడకి బొత్తిగా ఒక పద్ధతంటూ…”

“ఆగారేం? చెప్పండి.”

“అమ్మాయ్. ఆవిడ… ఎప్పుడొచ్చింది?”

“నెలయింది. బట్టలు ఆరేస్తూ కూనిరాగం తీస్తారు. ఎంత బాగుంటుందో.”

“అయితే మా ఆవిడ కాదులే. మా ఆవిడకి పాటలు రావు. ఇన్నేళ్లలో ఒక్కసారీ వినలేదు.”

“వచ్చు బాబాయిగారూ.”

“…నీలం నైటీ. భుజం దగ్గర అతుకున్నది.”

“లోపల ఆరుతోంది, మీకు కనపడకుండా కుర్చీ మీద. వంకరగానే ఉంది. లోపలికి రండి. ఆ క్లిప్పుల డబ్బా మాత్రం గుమ్మం బయటే పెట్టి రండి.”