వాగులో కలిసే వేడినీళ్లు

బోధన్ దిక్కు ఒక చక్కెర మిల్లు. ఆగిపోయిన యంత్రాల నడుమ ఫిట్టర్ ఆత్మారాం ఇంజనీరు ఎదుట తల వంచుకుని నిలబడ్డాడు.

“పైపు మార్చమని ఎవరు చెప్పిండ్రు?”

“ఎవలు చెప్పలే సార్. మన వేడినీళ్లు వాగుల కలిసి శాపలు సస్తున్నయి. పైపు మలిపి, సల్లార్చి మళ్ల వాడుకుందామనుకున్న.”

“గా పైపు పగిలి మిల్లే ఆగింది. బయట బండ్లల్ల చెరుకు ఎండుతున్నది.”

“తప్పయింది సార్. నౌకరీ పోతదా?”

“జనరల్ మేనేజరు నిన్ను తీసెయ్యమన్నడు. నేనే చెయ్యమన్ననని చెప్పిన.”

ఆత్మారాం తల ఎత్తాడు.

“గట్లెందుకన్నరు సార్? మీ మీదికొస్తది!”

“వచ్చింది. మెమో ఇచ్చిండు. ఇగ గట్టి పైపు తెప్పిస్త, మళ్ల బిగించు.”

“మళ్ల పగిలితే?”

“గప్పుడు గూడ నా పేరే చెప్త. గని ఈసారి నన్ను పిలువకుండ పానా ముట్టకు.”