మా అత్తగారి ముడి

"మామ్మా, మీ అత్తగారు అంత గయ్యాళి కదా, మరి ఆవిణ్ణి తలుచుకున్నప్పుడల్లా దణ్ణం పెడతావేంటి?"

ఆయ్, గయ్యాళే! ఎవరు కాదన్నారు? అన్నం కాస్త పలుకైతే మూడు వీధులకి వినపడేలా అరిచేది. మీ తాతగారే తల్లికి జడిసి పెరటి గుమ్మంలోంచి వచ్చేవోరు. నవ్వకు, చెప్పనీ.

అప్పటికి ధవిళేశ్వరంలో ఆనకట్ట కడుతున్నారంట, మా వైపు కాలవలింకా రాలేదు. మాది కొబ్బరితాళ్ళు పేనే ఇల్లు. కొబ్బరికాయలు ఒలిచిన డొక్కల్ని గోదారి బురదలో ఏడెనిమిది నెలలు పాతిపెట్టి, తీసి, బాది, ఆ పీచు పేనాలి. పెద్ద తాడుకి కుంచెడు ధాన్యం కొలిచేవోరు. తాడు చివర ఎవరింటి ముడి వాళ్ళు వేసేవోరు. మా అత్తది మూడు చుట్ల ముడి. అది కనపడితే చాలు, ఎవరూ లాగి కూడా చూసేవోరు కాదు, తెలుసా?

నాకప్పుడు పదహారో ఏమో... కాదు, పదిహేడే, మీ నాన్న ఇంకా పుట్టలేదు. వాడపల్లి రేవులో పడవేసే సూరన్న పెద్ద తాడు కావాలన్నాడు, వరదలో ఒడ్డు మీంచి పడవని లాగడానికి. మా అత్త ఐనవిల్లిలో చెల్లెలింటికెళ్ళింది. పీచేమో చాల్లేదు. నేనేం చేసేనంటావు? నాలుగు నెలలైనా నానని డొక్కలు తవ్వేసి, ఆ పీచు మధ్యలో కలిపేసేను. పైకేం తెలీలేదు. అత్త ముడి నేనే వేసి ఇచ్చేసేను. అదీ నా నిర్వాకం!

అత్త తిరిగొచ్చిన నాలుగో రోజున గోదారికి ఎర్రనీళ్ళొచ్చేయి, వరదన్నమాట. అవతలి లంకలో జనాన్ని ఆ పడవలోనే దాటిస్తారన్నారు. తాడు తెగితే పడవెడు జనం! చెప్తేనేమో అత్త నన్ను పుట్టింటికి తోలేస్తది. ఆఖరికి ఏడుస్తా చెప్పేసేను.

అరవలేదమ్మా! అటక మీంచి నేనెరగని, తనెప్పుడో పేని దాచిన తాడు దించి, భుజానేసుకుని, "నడు" అంది. రేవంతా జనం. సూరన్న అప్పుడే తాడు కడుతున్నాడు. అందరి ముందూ మా అత్త ఏమందో తెలుసా? "సూరన్నా, అది విప్పెయ్. తొందరపడి పచ్చి పీచు కలిపేను. తప్పు నాది" అంది. నలుగురు పట్టుకు లాగితే పుటుక్కున తెగింది. ఎవడో, "ముసల్దానికి చెయ్యి పడిపోయింది" అని నవ్వేడు. ఆవిడ తలొంచుకునే తాడు మార్పించింది. సిగ్గుతో చచ్చిపోయేను.

ఇంటికొచ్చాక మామూలే, పొయ్యి ఆరిపోయిందని అరిచింది. నాకు మాత్రం అంతు చిక్కేది కాదు. అంత పౌరుషం గల మనిషి ఎందుకలా అంది? నామీద ప్రేమా? ఇంటి పరువా? మనిషి అరిచేటప్పుడు కనపడతాడా, తలొంచుకున్నప్పుడు కనపడతాడా? ఈ చివరిది మాత్రం నాకిప్పటికీ తేలలేదనుకో.

ఆవిడ మంచాన పడ్డాక అడిగేసేను. "ఓసి పిచ్చిదానా, నాది నలభై ఏళ్ళ పేరు. ఓ తప్పు మీద పడినా మోస్తది. నీదింకా మొన్న మొదలైంది, మొదటి తాడుకే పోయేది" అంది.

చల్లగా ఉండమ్మడూ. నీకూ మంచి పేరు రావాలి. రేపెవత్తైనా ఏడుస్తా నీ దగ్గరికొస్తే, దాని తప్పు కూడా మొయ్యగలిగేంత పేరు...