నాలుగో భాగంలో ఎనిమిది పేజీలు

పిల్లల లైబ్రరీలో పుస్తకాలు తిరిగిచ్చే బల్ల. అటు లైబ్రేరియన్, ఇటు వడ్రంగి, మధ్యలో ఇటుకంత లావు పుస్తకం. ఇద్దరికీ ఒళ్ళు మండిపోతోంది.

"అంటించారా లేదా? ముందు అది చెప్పండి."

"అంటించా. అంటించాననే కదా చెప్తున్నా. దొంగతనం చేశానా ఏంటి?"

"లైబ్రరీ పుస్తకమండీ ఇది! రెండొందల పన్నెండు నుంచి చూసుకోండి, ఎనిమిది పేజీలు అతుక్కుపోయాయి. మీ అమ్మాయి తర్వాత ఇంకో పిల్ల చదవాలా వద్దా?"

"ఏ పిల్లా చదవక్కర్లేదు. పదకొండేళ్ళ పిల్లకి ఇచ్చే పుస్తకమేనా ఇది?"

"మీరు సంతకం పెట్టిన కాగితం తీయమంటారా? పన్నెండేళ్ళలోపు వాళ్ళకి ఇంట్లో అడక్కుండా మేం ఏ సిరీసూ ఇవ్వం. కత్తియుద్ధాలుంటాయి, పర్లేదా అన్నాను. పర్లేదన్నారు. నెత్తురు? పర్లేదు. మంత్రగత్తెలు, రాక్షసులు? అన్నిటికీ టిక్కు కొట్టి..."

"కొట్టా! రాక్షసులదేముంది, పుస్తకం మూస్తే పోతారు. అమ్మ వదిలేసి వెళ్ళిపోతుందా అని మీ కాగితంలో ఒక్క గడి ఉందా? ఉందా? చూపించండి!"

"ఏ అమ్మ?"

"ఏ అమ్మేంటి, ఆ రాణి! కూతురు గుమ్మంలో నిలబడి అమ్మా అమ్మా అని గొంతు చించుకుంటుంటే, రెక్కల ఓడెక్కి, వెనక్కి కూడా చూడకుండా... దాన్ని తెచ్చి పిల్లల ర్యాకులో పెడతారా? బుద్ధుండక్కర్లా?"

"నోరు జాగ్రత్త. గొంతు కూడా. మీ అమ్మాయి అక్కడే ఐదో భాగం వెతుక్కుంటోంది."

"దానికి వినపడదు. పుస్తకం పట్టిందంటే పిడుగు పడినా వినపడదు."

"ఇంకోసారి ఇలాంటి పని చేస్తే ఆ పిల్ల కార్డు ఆపేస్తాను, చెప్తున్నా."

"ఆపండి! మీ పుస్తకాలకో దణ్ణం. ఒక్కో భాగం ముందు నేను చదవడం, తర్వాత దానికివ్వడం. నాకు వేరే పని లేదనుకున్నారా?"

"అన్నీ మీరు చదివే ఇస్తున్నారా?"

"మరి? రంపం పక్కన పెట్టి, భోజనం మానేసి మరీ చదివా. మూడు భాగాలు బానే ఉన్నాయి. నాలుగోది ఇలా తగలడింది. చింపలేదు కదా! అంచులకి సన్నగా జిగురు రాశా, అంతే. ప్రింటింగులోనే అతుక్కుపోయిందే అని చెప్పా."

"నమ్మిందా?"

"నమ్మింది. పోతే పోనీలే నాన్నా, కథ అర్థమవుతుందిలే అంది."

"మరి వాళ్ళమ్మగారు ఏమన్నారు, ఈ ఘనకార్యానికి?"

"ఆవిడ సంగతి ఇప్పుడెందుకు?"

"అడగకూడదా? మొదట్లో ఆవిడే కదా తీసుకొచ్చేవారు. ఆర్నెల్లయింది కనపడక."

"ఉద్యోగం మీద వేరే ఊళ్ళో ఉంది."

"ఎప్పుడొస్తారు?"

"వస్తుంది."

"అదే, ఎప్పుడు..."

"రాదు! చాలా? ఇక రానని రాసి పడేసింది. ఆ ఉత్తరం నా పనిముట్ల పెట్టెలో అడుగున పడుంది. పిల్లకి మాత్రం సెలవులకొస్తుందని చెప్పా. ఇప్పుడు తెలిసిందా మీ ఎనిమిది పేజీల గొడవ?"

"...ఒక్క ముక్క చెప్తే వేరే సిరీస్ ఇచ్చేదాన్ని కదండీ."

"ఎలా చెప్పను? వరసలో నిలబడి, పదిమందిలో చెప్పుకునే మాటా అది?"

"సరే. కానీ ఎన్నాళ్ళు దాస్తారు?"

"దాస్తా. నా ఇష్టం. అది సంతోషంగా ఉంది, నాకదే చాలు. ఈ పుస్తకం కథంతా నా పక్కన కూర్చుని చెప్పింది. చివర్లో రాణి తిరిగొచ్చేస్తుందట, కూతురికి జడ వేస్తుందట..."

"ఇందులోనా?"

"ఇందులోనే. నేను ఆ వెళ్ళిపోయే చోటే విసిరికొట్టి ఆపేశా. అదే చెప్పింది మిగతాది."

"రాణి రాదండీ."

"వస్తుంది. చెప్పింది కదా."

"ఏ భాగంలోనూ రాదు. ఏడూ చదివాను నేను. అసలు ఈ పేజీలు విడదీసి చూద్దాం ఉండండి."

"ఆగండి, చిరిగిపోతుంది! నేను రాసింది చెక్క జిగురు. చెక్క విరగాలే గాని అతుకు ఊడదు."

"ఊడింది కదా. వేలు పెడితేనే వచ్చేసింది."

"ఏదీ? ఇలా ఇవ్వండి."

"ఏమైంది?"

"ఇది నా జిగురు కాదు."

"అంటే?"

"బడి పిల్లలు వాడే గమ్ము ఇది. చూడండి, ఈ నాలుగు కాగితాలూ మిగతావాటికన్నా నూలువాసి తక్కువున్నాయి. నేనంటించిన అంచు మేరకి కోసేసింది. స్కేలు పెట్టి, బ్లేడుతో. ఎంత తిన్నగా కోసిందో దొంగపిల్ల... బ్లేడు పట్టడం నేనే నేర్పా."

"కోసి, చదివి..."

"చదివి, మళ్ళీ అంటించేసింది. చదివిందని నాకు తెలిసిపోకుండా. ఆ జడ సంగతంతా నాకోసం అల్లి..."

"ఊరుకోండి. కళ్ళు తుడుచుకోండి, వచ్చేస్తోంది."

"నాన్నా! ఐదో భాగం దొరికింది. నువ్వేంటి, మేడంతో గొడవా?"

"గొడవేం లేదమ్మా. ఇంతసేపేంటే?"

"అక్కడే నిలబడి చివరిదాకా తిరగేశా. ఏం లేదు నాన్నా, బానే ఉంది. ఇది నువ్వు చదవొచ్చు."